తుప్పు రంగు మరక

అవనిగడ్డ,
14 జూన్ 2025.

హర్షకి అత్త రాయునది.

క్షేమాలు చివర అడుగుతాను, ముందు నా కోపం తీరనీ. నేను ఫోను ఎత్తడం లేదని నీ భార్య పూర్ణిమ చేత చేయిస్తున్నావు. ఆ పిల్ల ఫోనూ ఎత్తను. మీ తాతయ్య పెట్టిన పద్ధతి నీకూ తెలుసు. మన ఇంట్లో కోపం వస్తే నోరు మూసుకుని కాగితం తీయాలి. రాసింది తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి. పొద్దున్నే మళ్ళీ చదివి, అప్పటికీ పంపాలనిపిస్తే పంపాలి. పొలం గట్టు విషయంలో మీ నాన్నా నేనూ ఏడాది పాటు ఇలాగే పోట్లాడుకున్నాం, ఒక్క మాట తూలకుండా. ఈ ఉత్తరం తలగడ కింద పెట్టుకుని లేచాక కూడా నాకు పంపాలనే ఉంది.

మొన్న ఆదివారం నీ కొత్త కారేసుకుని వచ్చావు. కొత్తదంటే, బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిందే అనుకో. ఎర్రగా, నేలకి ఆనుకుని, ఎక్కితే దిగడానికి మనిషి సాయం కావాల్సిన కారు. నన్ను కరకట్ట మీద ఒక చుట్టు తిప్పావు. నీ ముఖంలో ఆ వెలుగు చూసి నేను కూడా సంతోషించాను. మన బంకులో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకుని, మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళావు. బుధవారం నాటికి నీ కార్ల ఛానెల్లో వీడియో పెట్టావు.

‘ఇది దివిసీమలో ఒక బంకులో కొట్టించిన పెట్రోలు. ఫిల్టర్ కాగితం మీద చుక్క వేస్తే ఏమైందో చూడండి’ అని తుప్పు రంగు మరక చూపించావు. తర్వాత ఒక సీసా ఎత్తి పట్టుకున్నావు. పెట్రోల్లో కలిపే మందు, ఆక్టేన్ బూస్టరట. ఇలాంటి పెట్రోలు పోయించుకున్నవాళ్ళకి ఇదే దిక్కన్నావు. బంకు పేరు చెప్పలేదు, నిజమే. నీకు అవనిగడ్డలో మేనత్త ఉందనీ, ఆమెకి పెట్రోలు బంకు ఉందనీ తెలియని వాళ్ళు ఈ సీమలో ఎవరైనా ఉన్నారా?

ఆటోవాళ్ళు నన్నేమీ అడగడం లేదు. అడిగితే బాగుండును. బంకు ముందు నుంచే పోయి అవతలి బంకులో కొట్టించుకుంటున్నారు. మీ మావయ్య పోయాక ఆడదానికి ఈ వ్యాపారమెందుకని అందరూ అన్నప్పుడు నేను కుర్చీ వేసుకుని ఇక్కడ కూర్చున్నాను. కొలత తక్కువనీ కల్తీ అనీ ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనిపించుకోలేదు. చివరికి నేను ఎత్తుకు పెంచినవాడి చేత అనిపించుకున్నాను.

జవాబు రాయి. మీ నాన్న కళ్ళ ఆపరేషను ఎలా జరిగింది? పూర్ణిమ కాలి నొప్పి తగ్గిందా?

కోపంతో,
మీ అత్త మాణిక్యమ్మ.


గుడివాడ,
18 జూన్ 2025.

అత్తకి నమస్కారాలు.

నాన్న కళ్ళు బాగానే ఉన్నాయి. నీ ఉత్తరం ఆయనే ముందు చదివేశాడు. ‘మీ అత్త ఇంకా కొంచెం తగ్గించే రాసింది’ అన్నాడు.

పేరు చెప్పలేదు కదా అనడం తప్పించుకునే మాటేనని పూర్ణిమ కూడా అంది. అక్కడ తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ మరక అబద్ధం కాదత్తా. జరిగింది జరిగినట్టు చెప్తాను, విను.

ఆ కారులో హైదరాబాదులో ఖరీదైన పెట్రోలు నింపి తెచ్చాను. అవనిగడ్డ దాకా పిట్టలా వచ్చింది. నీ దగ్గర నింపుకున్నాక, చల్లపల్లి దాటి పామర్రు రోడ్డెక్కి కాలు నొక్కగానే ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపితే ఎలా ఉంటుందో అలా ఉంది. దాన్ని నాకింగ్ అంటారు. పట్టించుకోకపోతే ఇంజను లోపల పిస్టన్లు దెబ్బతింటాయి. ఇంటికి చేరగానే ఒక బూస్టరు సీసా ట్యాంకులో పోశాను. చప్పుడు తగ్గలేదు. ఇంకొకటి పోశాను. మా ముదినేపల్లి చేపల చెరువుల సంగతి నీకు తెలియనిది కాదు. చేప మేత తినకపోతే ఒక మందు, తల పైకెత్తి తిరిగితే ఒక మందు, నీళ్ళు చిక్కగా పచ్చబడితే ఇంకో మందు. మొదటి మోతాదుకి లొంగకపోతే రెండోది. నాకు అలవాటైన వైద్యం అదే.

మర్నాడు అనుమానం వచ్చి ట్యాంకులోంచి గొట్టంతో కాస్త పెట్రోలు లాగి కాగితం మీద వేశాను. మంచి పెట్రోలైతే చుక్క ఆరిపోయి కాగితం మామూలుగా ఉండాలని నువ్వే నాకు చిన్నప్పుడు చూపించావు. ఇది ఆరిపోయింది గానీ తుప్పు రంగు మిగిలింది. నా కళ్ళతో చూశాను. చూసింది చూసినట్టు చెప్పాను.

నీ మీద అనుమానం ఉంటే నా నోరు పడిపోవాలి. డిపోలో బయల్దేరిన పెట్రోలు నీ బంకులో దిగేలోపు దారిలోనే ఏదో జరుగుతోంది. ఆ సంగతి నువ్వు చూసుకోవడం మంచిది.

ఇంకో మాట. కోప్పడకు. ఆ వీడియో చూసి బూస్టరు కంపెనీవాళ్ళు ఫోను చేశారు. జిల్లా అంతటికీ ఏజెన్సీ ఇస్తామంటున్నారు. ఆగస్టులో కోయంబత్తూరు ట్రాకు మీద కార్లకి టైము పెట్టి పరుగెత్తించే పోటీ ఉంది. దానికి సీసాలన్నీ వాళ్ళే ఇస్తారట. చేపల మీద బతకడం నాకు నామోషీ కాదత్తా. కానీ స్కూల్లో ఉన్నప్పటి నుంచీ నాకున్నది ఆ ఒక్క కోరికే. ఒక్కసారి ఆ ట్రాకు మీద నా కారు నేను తోలుకోవాలి.

నీ హర్ష.


అవనిగడ్డ,
25 జూన్ 2025.

హర్షకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. ‘దారిలోనే’ అని రాశావు. ఆ దారి పొడుగునా ఉండేది ఒక్క మనిషే.

ఏలీయా నీకు గుర్తుండే ఉంటాడు. మన బంకుకి పెట్రోలు తెచ్చే లారీ డ్రైవరు, బందరు దగ్గర గూడూరు మనిషి. నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్లో నిన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టుకునేవాడు. లారీ వచ్చాక ముందు ఒక గాజు జాడీలోకి కొంచెం పెట్రోలు తీసి సాంద్రత చూడాలి. డిపో వాళ్ళిచ్చిన కాగితంలోని అంకెతో సరిపోతేనే కింద ట్యాంకులోకి దించుకోవాలి. చూడాల్సింది నేను. ఏలీయా వచ్చిన రోజున నేను చూడను. అతనే జాడీ ఎత్తి చూసి అంకె చెప్తాడు, నేను కుర్చీలోంచి లేవకుండా రాసుకుంటాను. మీ మావయ్య ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి.

నువ్వు రాసింది చదివాక పాత సంగతులన్నీ ఒకటొకటే లేచి వచ్చాయి. పోయిన నెల ఒక రోజు బాగా ఆలస్యంగా వచ్చాడు. టైరు పంక్చరన్నాడు. అప్పుడు ‘పాపం, భోజనం చేశావా’ అని అడిగాను. ఇప్పుడు అదే ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ ఆలస్యమంతా ఎక్కడ జరిగిందో ఎవరికి తెలుసు?

ఒకసారి మనమే కాగితం వేసి చూద్దామండీ అని బంకులో వాళ్ళు అన్నారు. వద్దన్నాను. నా పెట్రోలు మీద నేనే చుక్క వేసి చూసుకుంటే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

ట్రాన్స్‌పోర్టు ఓనరుకి ఫోను చేశాను. ఏలీయాని నా బంకుకి పంపవద్దన్నాను. ఎందుకండీ అని అడిగాడు. సరుకులో తేడా వస్తోందన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నువ్వు చదువుకున్నవాడివి, కళ్ళతో చూశానన్నావు. నీ మాట మీదే ఈ పని చేశాను. వీడియో తీసేయమని నేను అడగను, నీకే తోచాలి. కారు పోటీ అంటున్నావు, హెల్మెట్ పెట్టుకోనిస్తారు గదా?

అత్త.


గుడివాడ,
30 జూన్ 2025.

అత్తా,

నేను దారి అన్నాను, ఏలీయా పేరు అనలేదు. ఏదో జరుగుతోంది, చూసుకోమని మాత్రమే రాశాను. నువ్వు ఏకంగా మనిషినే మార్చేశావు. ఒకసారి అతన్ని అడగాల్సింది. అయినా నీ బంకు, నీకు తెలిసినంత నాకు తెలియదు. మరక ఉందన్నది నిజం కాబట్టి ఏదో ఒకటి జరిగే ఉంటుంది.

వీడియో తీసేయాలనే ఉంది. కానీ ఏజెన్సీ మాటలు నడుస్తున్నాయి, ఇప్పుడు తీస్తే కంపెనీవాళ్ళు వెనక్కి పోతారు. నీ బంకు అని పోల్చుకునేలా ఉన్న ఆ ఒక్క ముక్కా మాత్రం కత్తిరించేశాను.

ఇక్కడ నాకు ఇంకో తలనొప్పి. పామర్రులో కొట్టించినా అదే చప్పుడు, బందరులో కొట్టించినా అదే చప్పుడు. నింపిన ప్రతిసారీ సీసా పోస్తూనే ఉన్నాను. పైగా ఇప్పుడు ఉన్నట్టుండి ఇంజను తడబడుతోంది, రోడ్డు మధ్యలో ఎక్కిళ్ళు పెడుతోంది. జిల్లా మొత్తం పెట్రోలు ఇంతే అన్నమాట అని చెప్తే కంపెనీవాడు తెగ సంతోషించాడు. నాకు మాత్రం సంతోషంగా లేదు. కారుని చెన్నై తీసుకెళ్తున్నాను. అక్కడ బాలాజీ అని, ఇలాంటి కార్ల ఇంజన్లు విప్పి సరిచేసే స్నేహితుడున్నాడు.

నిన్న పనిమీద బందరు వెళ్ళాను. నీకిష్టమని హల్వా కొని అవనిగడ్డ బస్సుకి వేశాను. తీసుకో.

హర్ష.


అవనిగడ్డ,
8 జూలై 2025.

హర్షకి,

హల్వాతో నా నోరు కట్టేద్దామనుకుంటే కుదరదు. అయినా తిన్నాను, నెయ్యి కొంచెం తగ్గింది.

ఏలీయా వచ్చాడు. మధ్యాహ్నం పూట, బస్సు దిగి నడుచుకుంటూ. లారీ లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ‘అమ్మా, ఓనరు గారు తాళాలు తీసేసుకున్నారండి. మీరేదో అన్నారంటగా. ఏవన్నారో చెప్తే ఇనేసి పోతానండి’ అన్నాడు. నా బంకుకి వద్దన్నాను గానీ ఉద్యోగంలోంచి తీసేయమని నేను చెప్పలేదురా. ఆ ఓనరు నా మాట మీద అతన్ని పూర్తిగా మానిపించేశాడు. ఆ మాటే అతనితో అనబోయి మానేశాను. మంచినీళ్ళు ఇప్పించాను. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, తాగలేదు. ‘సరేనండి’ అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు మనసు మనసులో లేదు. తర్వాత కొత్త డ్రైవరు లోడు తెచ్చాడు. కింద ట్యాంకు దాదాపు అడుగంటాకే దింపించాను. ఈసారి గేట్లు వేయించి, బంకులో వాళ్ళందరి ముందూ కాగితం మీద చుక్క వేశాను. ఆరిపోయింది. కాగితం మల్లెపువ్వులా ఉంది. మరక లేదు.

చూశావా? మనిషి మారాడు, మరక పోయింది. అంటే అనుమానం నిజమే. నేను అన్యాయం చేయలేదు. ఇది నీకు రాస్తుంటే గుండె బరువు దిగుతోంది. దిగాలి గదా, మరి ఎందుకో పూర్తిగా దిగడం లేదు. అన్నేళ్ళు నమ్మిన మనిషి ఇలా చేశాడే అని కాబోలు.

ఆటోలు నెమ్మదిగా తిరిగి వస్తున్నాయి. కాగితం పరీక్ష సంగతి బంకులో వాళ్ళే ఊరంతా చెప్పుకున్నారు. డ్రైవరు సంగతి కూడా చెప్పుకున్నట్టున్నారు.

అత్త.


చెన్నై,
17 జూలై 2025.

అత్తా,

ఈ ఉత్తరం తలగడ కింద పెట్టను. పెడితే పంపే ధైర్యం పోతుంది.

ఏలీయా ఏ తప్పూ చేయలేదు. నీ పెట్రోల్లో ఏ దోషమూ లేదు. ఆ మరక నా సీసాలోది.

బాలాజీ ఇంజను విప్పి స్పార్క్ ప్లగ్గులు తీసి నా చేతిలో పెట్టాడు. వాటి కొనల మీద తుప్పు రంగు పొర అట్టలా పేరుకుని ఉంది. ‘ఏ బూస్టరు పోస్తున్నావు, ఎంత పోస్తున్నావు?’ అని అడిగాడు. చెప్పాను. నా డిక్కీలో ఉన్న సీసాలోంచి ఒక చుక్క మామూలు పెట్రోల్లో కలిపి కాగితం మీద వేశాడు. నేను వీడియోలో చూపించిన మరకే, అదే రంగు. ఈ సీసాలో వాడే లోహపు మందు ఆరినా కాలినా ఇలా తుప్పు రంగులో మిగులుతుందట. మోతాదు మించితే ప్లగ్గుల మీద పేరుకుపోయి ఇంజను తడబడుతుందట. నేను రెట్టింపు పోశాను, ఆ పోసిన ట్యాంకులోంచే తీసి పరీక్ష చేశాను. మందు చల్లిన చెరువులో నీళ్ళు తీసి పరీక్షకి పంపితే మా ముదినేపల్లిలో చిన్న రైతు కూడా నవ్వుతాడు. ఆ పని నేను చేసి, జనానికి చూపించాను.

నీ కొత్త డ్రైవరు తెచ్చిన దాంట్లో మరక లేకపోవడం కూడా అందుకే. దాంట్లో సీసా పోసినవాళ్ళు లేరు. ఏలీయా తెచ్చిన దాని మీద వేసినా కాగితం తెల్లగానే ఉండేది.

మరి చప్పుడు ఎందుకొచ్చిందంటే, అది కూడా నీ పెట్రోలు తప్పు కాదు. ఈ కారు ముందు ఓనరు వంద ఆక్టేన్ పెట్రోలు మాత్రమే పోసేవాడట. దానికి తగ్గట్టు ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్పించాడు. ఆక్టేన్ అంటే బలమని నేను అనుకున్నాను. బలం కాదత్తా, ఓర్పు. లోపల ఎంత వేడీ ఒత్తిడీ ఉన్నా, నిప్పురవ్వ వచ్చేదాకా అంటుకోకుండా ఆగడం. మామూలు కార్లకి మామూలు పెట్రోలుకున్న ఓర్పు చాలు, సీసా పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే. నా కారులాంటి దానికి ఎక్కువ కావాలి. అక్కడ సీసా కొంత సాయం చేసే మాట నిజమేగానీ, అది పెంచేది చాలా కొంచెం. మంచి పెట్రోలుకి బదులు కాలేదు. అవసరం ఒకటైతే మందు ఇంకొకటి పోశాను.

బాలాజీ ఇప్పుడు ఆ లెక్కల్ని మామూలు పెట్రోలుకి సరిపడేలా తిరిగి మారుస్తున్నాడు. వేగం కొంచెం తగ్గుతుందట. తగ్గనీ. ఏజెన్సీ వద్దని కంపెనీకి చెప్పేశాను. కోయంబత్తూరు పోటీకి ఇచ్చిన పేరు కూడా వెనక్కి తీసుకున్నాను, అక్కడికి వెళ్ళే ముఖం లేదు.

ఏం చేయమంటావో చెప్పు. తిట్టినా సరే.

హర్ష.


అవనిగడ్డ,
22 జూలై 2025.

ఒరే హర్షా,

తిట్టడానికే కూర్చున్నాను. ‘మందు చల్లిన చెరువు’ అని నువ్వే నిన్ను తిట్టుకున్నాక నాకింకేం మిగిల్చావు?

నా సంగతి కూడా విను. దించే ప్రతి లోడులోంచీ ఒక సీసాలోకి కొంచెం తీసి, సీలు వేసి, కొన్నాళ్ళు దాచాలి. అది మా బంకుల నియమం. నువ్వు కొట్టించుకున్న ఆ లోడుది నా గదిలో అలమరలో ఉంది. జూన్ నెల నుంచీ అక్కడే ఉంది. నేను రోజూ ఆ అలమర తెరిచి కళ్ళజోడు తీసుకుంటున్నాను. నీ ఉత్తరం రాగానే సీలు విప్పి చుక్క వేశాను. ఆరిపోయింది. కాగితం తెల్లగా ఉంది. ఈ పని ఆ రోజే చేసి ఉంటే ఏలీయా లారీ ఏలీయాకి ఉండేది. చేయలేదు. నా మీద ఎవరో అనుమానపడ్డారన్న పౌరుషంలో, నేను ఇంకొకడి మీద అనుమానపడ్డాను.

నువ్వు ‘దారి అన్నాను గానీ పేరు అనలేదు’ అన్నావు. నేను ‘వద్దన్నాను గానీ తీసేయమనలేదు’ అన్నాను. ఆ ఓనరు కూడా ‘అమ్మగారు అన్నారు కాబట్టి’ అంటాడు. అందరం తలా కొంచెమే అన్నాం, పోయింది మాత్రం అతని బతుకు. ఇది తలుచుకుంటే ఏడుపొస్తోందిరా.

ఓర్పు పెంచే మందు సీసాల్లో దొరుకుతుందని రాశావు. అలాంటిది నిజంగా ఉంటే కారుకి కాదు, మనిద్దరికీ పట్టించాలి, తాతయ్య ఉంటే దగ్గరుండి పట్టించేవాడు.

నా కాళ్ళ మీద పడటానికి అవనిగడ్డ రావద్దు. గూడూరు వెళ్ళు. ఏలీయా ఇంటికి వెళ్ళి, నాకు రాసినట్టే ఒక్క ముక్క దాచకుండా చెప్పు. ఓనరు సంగతి నేను చూసుకుంటాను. ఫోను కాదు, స్వయంగా వెళ్తాను.

అత్త.


గుడివాడ,
4 ఆగస్టు 2025.

అత్తా,

గూడూరు వెళ్ళాను. ఏలీయా ఇంట్లో లేడు. బందరులో గిలకలదిండి రేవు నుంచి ఐసు మోసే వ్యానొకటి తోలుతున్నాడట. అరుగు మీద కూర్చుని, వచ్చేదాకా ఉన్నాను. నన్ను చూసి, ‘బాబూ, మీరా, లోపలికి రండి’ అన్నాడు.

అంతా చెప్పాను. ఫోనులో ఆ వీడియో కూడా చూపించాను, అతను దాన్ని అదివరకు చూడలేదట. చివరిదాకా చూసి, ‘అంటే ఆ రంగు మీరు పోసిన సీసాలోదేనాండి?’ అన్నాడు. అవునన్నాను. ఫోను నా చేతికిచ్చి, ‘మీకు తెలవక చేశారు, అది వేరండి. అమ్మగారు నన్నొక మాట అడగొచ్చుగదండి. అడిగితే చెప్పేవోణ్ణి. అదొక్కటేనండి నా బాధ’ అన్నాడు. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. దాచకుండా చెప్పమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నేను బయల్దేరుతుంటే వాళ్ళావిడ గుమ్మం దాకా వచ్చింది. ఏలీయా వాళ్ళ చర్చి సంఘంలో పెద్దట. ప్రతి ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టేది అతనేనట. ఈ గొడవ తెలిశాక ఎవరూ ఏమీ అనకుండానే సంచి వేరేవాళ్ళ చేతికి ఇచ్చేశారట. ‘పని పోయినందుకు కాదు బాబూ, సంచి తీసేసిన రోజు ఇంటికొచ్చి అన్నం తిన్లేదు’ అంది.

అందుకని నిన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడిగి అందరి ముందూ నిలబడి చెప్పాను. మరక నాది, తప్పు నాది, ఏలీయా గారు తెచ్చిన పెట్రోల్లో ఏ తేడా లేదు అని. కెమెరా ముందు గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి, చాపల మీద కూర్చున్న ఆ కొద్దిమంది ముందు ఆ మూడు ముక్కలూ రెండుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. ఏలీయా తల వంచుకుని కూర్చున్నాడు. సంచి నిన్న కూడా వేరేవాళ్ళే పట్టారు. పాస్టరు గారు మాత్రం వచ్చే వారం చూద్దామన్నారు.

పాత వీడియో తీసేశాను. కొత్తది పెట్టాను. సీసా పోసిన పెట్రోలు, పోయని పెట్రోలు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మరక చూసినంత మంది తెల్ల కాగితం చూడటానికి రావడం లేదు. అయినా ఉంచాను.

కారు బాగుంది. చప్పుడు లేదు, ఎక్కిళ్ళు లేవు. ముందంత దూకుడు లేదు గానీ నాకిప్పుడు అంత దూకుడు అక్కర్లేదు కూడా.

ఓనరు ఏమన్నాడు?

హర్ష.


అవనిగడ్డ,
24 ఆగస్టు 2025.

చిరంజీవి హర్షకి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి ఒక సంగతి తేలాలని ఆగాను. ఇప్పుడు తేలింది గానీ ఎలా రాయాలో తెలియడం లేదు.

ఓనరు మొదట బెట్టు చేశాడు. వేరేవాణ్ణి పెట్టుకున్నాను అన్నాడు. నేను సీలు విప్పిన సీసా, తెల్ల కాగితం అతని బల్ల మీద పెట్టి, తప్పు నాదని రాసి ఇచ్చాను. ఏలీయా రాకపోతే నా బంకుకి నీ లారీలే వద్దన్నాను. దారిలోకి వచ్చాడు. సంఘంలో సంచి కూడా మళ్ళీ ఏలీయాకే ఇచ్చారని నిన్ననే విన్నాను. చర్చిలో నిలబడి చెప్పావు చూడు, అందుకు నీ మీద నాకున్న కోపమంతా పోయింది. మీ నాన్న అలా చేయలేడు, నేనూ చేయలేను. అతను ‘అడగొచ్చుగదా’ అన్న మాట దాచకుండా రాసినందుకు కూడా సంతోషం. గూడూరు వెళ్ళి క్షమించమని అడిగాను. ‘అయ్యో, మీరు రావడమేంటండి’ అని కుర్చీ తుడిచి వేశాడు, కాఫీ ఇప్పించాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ రెట్టించలేదు.

ఏలీయా లారీ మళ్ళీ వస్తోంది. మొదటి రోజు గేటు బయట హారన్ విని ప్రాణం లేచి వచ్చింది. లారీ ఆపి దిగి నమస్కారం పెట్టాడు. మీ నాన్న కళ్ళు ఎలా ఉన్నాయని కూడా అడిగాడు. జాడీలోకి పెట్రోలు తీశాడు. నేను ఎప్పటిలాగే పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అతను అంకె చెప్పలేదు.

‘చెప్పు ఏలీయా’ అన్నాను.

‘మీరొచ్చి చూడండమ్మా’ అన్నాడు.

‘నువ్వు చూసి చెప్పరాదూ, ఇన్నేళ్ళూ చెప్పినట్టే’ అన్నాను.

‘వద్దండి. మీ కళ్ళతో చూసుకోండి. మీరు చూశాకే దించుతానండి’ అన్నాడు.

కోపంగా అనలేదురా. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలని, పడి, అక్కడితో పోనిచ్చేదాన్ని. ఎంతో మర్యాదగా అన్నాడు. లేచి వెళ్ళాను. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను.

అప్పటి నుంచీ ప్రతి లోడుకీ ఇంతే. నేను ఎంత పనిలో ఉన్నా, ఎంత ఎండగా ఉన్నా, జాడీ పట్టుకుని లారీ పక్కన నిలబడతాడు. పిలవడు, తొందరపెట్టడు. అతను చేస్తున్నది సరైన పనే, నేను ఎప్పుడూ చేసి ఉండాల్సిన పనే. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా కుర్చీలోంచి లేచి అతని దగ్గరికి నడిచేటప్పుడు, నేను పోగొట్టుకున్నదేమిటో నాకు బాగా తెలుస్తోంది.

అంకె ప్రతిసారీ సరిపోతుంది. ‘సరిపోయిందాండి?’ అని అడుగుతాడు. ‘సరిపోయింది ఏలీయా’ అంటాను. అప్పుడు గానీ వాల్వు మీద చెయ్యి వేయడు.

ఇక నువ్వు ఫోను చెయ్యి, ఎత్తుతాను.

మీ అత్త,
మాణిక్యమ్మ.